500 హెచ్.కె. గ్యాస్ లైటు ఎన్ని కాండెలాలు? పాత క్యాండిల్ లెక్కలను నేటి లెక్కల్లోకి మార్చడం

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. దేవరకొండలో మీ తాతగారు పెళ్లిళ్లకు, భాగవతాలకు గ్యాస్ లైట్లు కిరాయికి ఇచ్చేవారు. ఆయన చిట్టా పుస్తకంలో 500 హెచ్.కె. లైట్లు, 300 సి.పి. (క్యాండిల్ పవర్) లైట్లు, 16 సి.పి. బల్బులు, 40 క్యాండిల్ బల్బులు అని పద్దులు ఉన్నాయి. అదే పెట్టెలో దొరికిన పాత భౌతికశాస్త్ర పుస్తకంలో ఒక కార్సెల్ (ఫ్రాన్సులో వాడిన పాత వెలుగు యూనిట్) 9.6 క్యాండిళ్లకు సమానమని ఉంటే, ఇప్పటి పట్టికల్లో 9.74 కాండెలాలు (కాండెలా అంటే వెలుగు తీవ్రతకు నేటి యూనిట్) అని కనిపించింది. వీటిని నేటి లెక్కల్లోకి మార్చి, ఆ కాలంలో భాగవతం ఎంత వెలుగులో ఆడేవారో మీ వ్యాసంలో రాయాలనుకుంటున్నారు. ఒక హెచ్.కె.కు పట్టికల్లో ఉన్న గుణకం 0.903తో 500ను గుణించి 451.5 కాండెలాలు అని వేయవచ్చా అని అడిగారు.

అలా వేయవద్దు. 450 అని వేయండి. అది కూడా "కొత్త మాంటిల్‌తో (గ్యాస్ లైటులో వెలిగే సంచి), నిండు ఒత్తిడితో, అడ్డంగా చూసినప్పుడు" అన్న మాట చేర్చి వేయండి. నల్లగొండలో ఏళ్ల తరబడి డిగ్రీ విద్యార్థుల చేత కాంతిని కొలిచే ప్రయోగాలు చేయించినవాడిగా నేను గట్టిగా చెప్పేది ఒకటే. పాత వెలుగు లెక్కల్లో గుణకం వల్ల వచ్చే తేడా చిన్నది. ఆ సంఖ్య ఏ క్యాండిల్‌తో, ఏ దిక్కున, దీపం ఏ స్థితిలో ఉండగా కొలిచారన్న సంగతి వదిలేస్తే వచ్చే తేడా చాలా పెద్దది. దశాంశ స్థానాల మీద పెట్టే శ్రద్ధ అక్కడ పెట్టాలి.

ముందు ఏ క్యాండిల్ అన్నది చూద్దాం. క్యాండిల్ అనే పేరుతో ఒక్కో దేశంలో ఒక్కో దీపం ప్రమాణంగా ఉండేది. ఇంగ్లండులో 1860 నాటి గ్యాస్ చట్టం ప్రకారం అది స్పెర్మసెటీతో, అంటే స్పెర్మ్ తిమింగలం తల నుంచి తీసే మైనంతో చేసిన కొవ్వొత్తి. పౌనుకు ఆరు తూగాలి, గంటకు 120 గ్రెయిన్లు, మన లెక్కలో సుమారు 7.8 గ్రాములు కాలాలి. ఫ్రాన్సులో బెర్నార్ కార్సెల్ అనే గడియారాల నిపుణుడు 1800లో చేసిన నూనె దీపం ప్రమాణమైంది. దానిలో గడియారపు యంత్రం లాంటిది నూనెను వత్తికి ఎక్కిస్తుంది. ఆవాల జాతికి చెందిన కోల్జా గింజల నూనె గంటకు 42 గ్రాములు కాలితే ఆ వెలుగు ఒక కార్సెల్. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి చేలలో పండిన ఆముదంతో మన ఇళ్లలో దీపాలు వెలిగినట్టే, అక్కడి వాళ్లు తమకు దొరికే నూనెనే ప్రమాణంగా పెట్టుకున్నారు.

మీ చిట్టాలోని హెచ్.కె. జర్మన్ లెక్క. హెఫ్నర్ క్యాండిల్ అని దాని పూర్తి పేరు. పెట్రోమాక్స్ లైట్లు బెర్లిన్‌లోని ఎరిష్ అండ్ గ్రేట్స్ కంపెనీవి కాబట్టి ఆ అక్షరాలు దేవరకొండ దాకా వచ్చాయి. ఈ ప్రమాణం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ లెక్కలో సగం దీని మీదే ఆధారపడి ఉంది.

ఫ్రీడ్రిష్ ఫాన్ హెఫ్నర్ ఆల్టెనెక్ 1884లో ప్రతిపాదించిన దీపం ఇది. చిన్న లోహపు గిన్నె, అందులో అమైల్ ఎసిటేట్ అనే ద్రవం. దగ్గరికి వెళితే అరటిపండు వాసన వస్తుంది. 8 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సన్నని గొట్టంలోంచి వత్తి పైకి వస్తుంది. చిమ్నీ ఉండదు. పక్కన ఉన్న గురుతును చూస్తూ మంట ఎత్తును సరిగ్గా 40 మిల్లీమీటర్లకు సరిచేయాలి. ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ అయితే వెలుగులో సుమారు 3 శాతం తేడా వస్తుంది. పక్కన ఎవరైనా తలుపు తీస్తే మంట ఊగుతుంది, మళ్లీ ఆగి కొలవాలి. ఇన్ని ఇబ్బందులున్నా దీన్ని ఎంచుకున్నదానికి కారణం ఉంది. కొవ్వొత్తి మైనం ఒక్కో చోట ఒక్కో రకం. అమైల్ ఎసిటేట్ అలా కాదు, ఎక్కడ శుద్ధంగా తయారు చేసినా ఒకే పదార్థం. అందుకే జర్మనీ దీన్ని 1940ల ఆరంభం దాకా వదలలేదు.

ఈ మంటకు గాలిలోని నీటి ఆవిరి పడదు. ఆవిరి పెరిగితే వెలుగు తగ్గుతుంది. అందుకని ఘనమీటరు పొడి గాలికి 8.8 లీటర్ల నీటి ఆవిరి ఉన్నప్పటి వెలుగే ఒక హెఫ్నర్ అని నిర్ణయించారు. లీబెన్‌థాల్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సవరణ సూత్రం సులువైనది: ఆవిరి లీటర్లను 0.0055తో గుణించి, దాన్ని 1.049 నుంచి తీసివేయాలి. 8.8 వేసి చూడండి, దాదాపు 1 వస్తుంది.

ఇప్పుడు అదే దీపాన్ని మన నల్లగొండలో వెలిగించామనుకోండి. మే నెలలో 40 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతం అనుకుందాం. పెదవులు పగిలే పొడి గాలి కదా, దీపం బాగా వెలగాలి అనిపిస్తుంది. లెక్క వేస్తే ఆ గాలిలో కూడా ఘనమీటరుకు దాదాపు 15 లీటర్ల ఆవిరి ఉంటుంది, ఎందుకంటే వేడి గాలి పట్టుకోగల ఆవిరి చాలా ఎక్కువ. అంటే బెర్లిన్ ప్రమాణం కంటే అది తడి గాలే. హెఫ్నర్ వెలుగు 0.966కు తగ్గుతుంది. వానాకాలంలో 28 డిగ్రీలు, 80 శాతం తేమ అనుకుంటే ఆవిరి సుమారు 32 లీటర్లు. అప్పుడు వెలుగు 0.873. ఎవరి చేతిలో ఏ పొరపాటూ లేకుండానే ప్రమాణ దీపం 13 శాతం మసకబారింది. నల్లగొండ సముద్రమట్టానికి కొన్ని వందల మీటర్ల ఎత్తున ఉండడం వల్ల గాలి పీడనం కూడా కొంత తక్కువ, అయితే దాని ప్రభావం అరశాతానికి లోపే. ఈ లెక్క తెలిసిన తరువాత 451.5 అని రాయడానికి మీకే చేయి రాదు.

హెఫ్నర్‌ను కాండెలాలోకి మార్చే గుణకం విషయానికి వద్దాం. 1909లో ఇంగ్లండు, ఫ్రాన్సు, అమెరికా ఒక ఒప్పందానికి వచ్చి ఉమ్మడి క్యాండిల్‌ను పెట్టుకున్నాయి. అందుకోసం అమెరికా తన క్యాండిల్‌ను 1.6 శాతం తగ్గించుకుంది. అప్పటికి ఇంగ్లండు తిమింగలపు కొవ్వొత్తిని పక్కనపెట్టి, వెర్నన్ హార్కోర్ట్ రూపొందించిన, వత్తి లేని పది క్యాండిళ్ల పెంటేన్ దీపానికి మారింది. ఈ ఉమ్మడి ప్రమాణాన్నే తరువాత అంతర్జాతీయ క్యాండిల్ అన్నారు. దాన్ని మంటతో కాక, జాగ్రత్తగా దాచిన కార్బన్ ఫిలమెంటు బల్బుల ద్వారా నిలబెట్టుకున్నారు. జర్మనీ ఇందులో చేరలేదు. హెఫ్నర్‌కు, అంతర్జాతీయ క్యాండిల్‌కు మధ్య నిష్పత్తి 9కి 10 అని మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

1948 నుంచి ఇవన్నీ పోయి ఒకే ప్రమాణం వచ్చింది. ప్లాటినం గడ్డకట్టే ఉష్ణోగ్రత దగ్గర, అంటే సుమారు 2,045 కెల్విన్‌ల దగ్గర, కృష్ణవస్తువు (తన మీద పడ్డ వెలుగునంతా పీల్చుకునే వస్తువు) ఒక చదరపు సెంటీమీటరు నుంచి ఇచ్చే వెలుగును 60 భాగాలు చేసి, ఒక భాగాన్ని కాండెలా అన్నారు. 1979లో ప్లాటినాన్ని కూడా వదిలేసి, 540 లక్షల కోట్ల హెర్ట్జ్ పౌనఃపున్యం గల ఆకుపచ్చ వెలుగుకు స్టెరేడియన్‌కు (ఘనకోణపు యూనిట్) 1/683 వాట్ అనే నిర్వచనానికి వచ్చారు. కొలతలు తారుమారు కాకుండా ప్రతిసారీ కొత్త నిర్వచనాన్ని పాతదాని పక్కనే అమర్చారు. కాబట్టి మీ అవసరానికి 1948 కాండెలా, నేటి కాండెలా ఒకటే అనుకోండి.

ఇక్కడ ఇంటర్నెట్‌లో తరచు కనిపించే తప్పు ఒకటి ఉంది. ఒక క్యాండిల్ పవర్ అంటే 0.981 కాండెలా అని చాలా చోట్ల రాసి ఉంటుంది. అంతర్జాతీయ క్యాండిల్ విషయంలో అది తలకిందులు. అదే ప్లాటినం ఉష్ణోగ్రత దగ్గర అదే చదరపు సెంటీమీటరు వెలుగు పాత లెక్కలో 58.9 అంతర్జాతీయ క్యాండిళ్లు, కొత్త లెక్కలో 60 కాండెలాలు. ఒకే వెలుగుకు కొత్త సంఖ్య పెద్దదైందంటే కొత్త యూనిట్ చిన్నదన్న మాట. 60ని 58.9తో భాగిస్తే 1.019. అంటే ఒక అంతర్జాతీయ క్యాండిల్ 1.019 కాండెలాలు. ఒక కాండెలా 0.981 అంతర్జాతీయ క్యాండిల్. గుణకం ఎటువైపు వాడాలో సందేహం వచ్చినప్పుడల్లా ఈ 58.9, 60 జంటను గుర్తు చేసుకోండి.

ఇక హెఫ్నర్: 0.9ని 1.019తో గుణిస్తే 0.917 వస్తుంది, పట్టికల్లో 0.903 ఉంటుంది. రెండూ ఎలా నిజమవుతాయంటే, కారణం రంగు. హెఫ్నర్ మంట ఎర్రగా ఉంటుంది. కార్బన్ బల్బు దానికంటే కాస్త తెలుపు, గ్యాస్ లైటు మాంటిల్ ఇంకా తెలుపు. రెండు వేర్వేరు రంగుల వెలుగులను పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువో కంటితో తేల్చమంటే ఇద్దరు మనుషులు ఒకే మాట చెప్పరు. ఆ ఇబ్బంది తీర్చడానికే 1924లో సగటు కన్ను ఏ రంగును ఎంత ప్రకాశంగా చూస్తుందో ఒక వక్రరేఖగా అంతర్జాతీయంగా నిర్ణయించారు. అంతకుముందు హెఫ్నర్‌లలో ఇచ్చిన ప్రతి సంఖ్యలోనూ రంగు వల్ల కొన్ని శాతాల అనిశ్చితి ఉంటుంది. అందుకే 0.9తో గుణించి ఆగిపోండి.

కార్సెల్ సంగతి మీ వ్యాసానికి అవసరం లేకపోయినా, అడిగారు కాబట్టి చెబుతాను. ఇందులో మంచి భౌతికశాస్త్రం ఉంది. జూల్ వియోల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1881లో, కరిగిన ప్లాటినం గడ్డకట్టే క్షణంలో దాని ఒక చదరపు సెంటీమీటరు ఉపరితలం ఇచ్చే వెలుగును యూనిట్‌గా పెట్టాలన్నాడు. అది చాలా పెద్ద యూనిట్ కనుక 1889లో దానిలో ఇరవయ్యో వంతును "బూజీ డెసిమాల్" (దశాంశ క్యాండిల్) పేరుతో తీసుకున్నారు. వియోల్ కొలిచినప్పుడు తన యూనిట్ 2.08 కార్సెల్‌లకు సమానమని తేలింది. 20ని 2.08తో భాగించండి, 9.6 వస్తుంది. మీ పాత పుస్తకంలోని సంఖ్య అదే. అది కార్సెల్‌ను బూజీ డెసిమాల్‌లలో చెప్పిన లెక్క. 9.74 మాత్రం నేటి కాండెలాలలో చెప్పిన లెక్క. రెండు పుస్తకాలూ తప్పు కావు, వేర్వేరు క్యాండిళ్లతో కొలిచాయి. పైగా నూనె దీపాన్ని ఆ మూడో అంకె దాకా నమ్మడానికి వీల్లేదు, రెండింటి మధ్య తేడా ఒకటిన్నర శాతం కంటే కొంచెం తక్కువే.

మరో ప్రశ్న మీకు తట్టి ఉండవచ్చు. వియోల్ కూడా ప్లాటినాన్నే వాడాడు, 1948 వాళ్లూ ప్లాటినాన్నే వాడారు, రెండుచోట్లా ఒక చదరపు సెంటీమీటరే. అలాంటప్పుడు వియోల్ యూనిట్ సుమారు 20 కాండెలాలు, 1948 ప్రమాణం 60 కాండెలాలు ఎలా అయ్యాయి? వియోల్ చూసింది మెరిసే లోహపు ఉపరితలాన్ని. మెరిసే లోహం అదే వేడి దగ్గర కృష్ణవస్తువు ఇచ్చే వెలుగులో మూడో వంతే ఇస్తుంది. ఆ ఉపరితలం కాస్త మురికి పట్టినా వెలుగు మారిపోతుంది. 1948 వాళ్లు ప్లాటినాన్ని వేడిని నిలకడగా ఉంచడానికే వాడుకున్నారు. అందులో థోరియా (థోరియం ఆక్సైడు) గొట్టాన్ని ముంచి, ఆ గొట్టం లోపలి నుంచి వచ్చే వెలుగును కొలిచారు. అలాంటి గుహ లాంటి రంధ్రం దాదాపు కృష్ణవస్తువే. వియోల్ ఆలోచన సరైనదే, దాన్ని నిలబెట్టే ఉపాయం దొరకడానికి అర్ధశతాబ్దం పట్టింది.

ఇప్పుడు అసలు విషయం, దిక్కు. కాండెలా ఒక దిక్కున వచ్చే వెలుగు తీవ్రత. ల్యూమెన్ దీపం అన్ని వైపులా ఇచ్చే మొత్తం వెలుగు. లక్స్ ఒక చదరపు మీటరు మీద వచ్చి పడే వెలుగు. పాత క్యాండిల్ పవర్ సంఖ్యలు ఎక్కువగా అడ్డంగా చూసిన తీవ్రతలు. అన్ని వైపులా సమానంగా వెలుగు ఇచ్చే దీపమైతేనే కాండెలాలను 12.57తో, అంటే నాలుగు పైలతో గుణించి ల్యూమెన్లు చెప్పవచ్చు. గ్యాస్ లైటుకు కింద కిరోసిన్ ట్యాంకు, పైన టోపీ అడ్డం. కనుక 450ని 12.57తో గుణిస్తే వచ్చే 5,650 ల్యూమెన్లు గరిష్ఠ హద్దు మాత్రమే. దానిలో మూడింట రెండు వంతులు, అంటే 3,500 నుంచి 4,000 ల్యూమెన్లు అని నేను అంచనా వేస్తాను. నేటి 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 800 నుంచి 900 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే ఒక పెద్ద గ్యాస్ లైటు బాగా వెలిగినప్పుడు అలాంటి నాలుగైదు బల్బులకు సమానం.

"బాగా వెలిగినప్పుడు" అన్నది ఊరికే అనలేదు. పెట్రోమాక్స్‌లో ముందుగా స్పిరిటుతో గొట్టాన్ని వేడి చేస్తారు. ట్యాంకులో పంపు కొట్టిన గాలి కిరోసిన్‌ను పైకి నెడుతుంది, వేడి గొట్టంలో అది ఆవిరై మాంటిల్‌లో మండుతుంది. మాంటిల్ మొదట బట్ట సంచి. మొదటిసారి వెలిగించగానే బట్ట కాలిపోయి, దానికి పట్టిన థోరియం ఆక్సైడు బూడిద అదే ఆకారంలో నిలబడుతుంది. అందులో దాదాపు 1 శాతం సీరియం ఆక్సైడు కలిపితేనే ఆ తెల్లని వెలుగు వస్తుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆవుర్ కనిపెట్టాడు. ఒత్తిడి తగ్గుతున్నకొద్దీ మాంటిల్ పచ్చబడి మసకబారుతుంది, మళ్లీ పంపు కొట్టాలి. గాజుకు మసి, మాంటిల్‌కు చిన్న చిల్లు, గాజు మీద పురుగులు. రాత్రంతా ఆడే భాగవతంలో లైటు తన పేరు మీద రాసి ఉన్న వెలుగును ఇచ్చేది కొంతసేపే. సగటున ఆ వెలుగులో 60 శాతం అనుకోవడం న్యాయమని నా అభిప్రాయం.

300 సి.పి. లైట్ల విషయంలో సి.పి. అంటే ఏ క్యాండిల్ అన్నది పేరు పలక మీద తెలియదు. అంతర్జాతీయ క్యాండిల్ అయితే 306 కాండెలాలు. హెఫ్నర్ సంఖ్యనే ఇంగ్లిషు అక్షరాలతో వేసి ఉంటే 270. 270 నుంచి 306 మధ్య అని వేయండి. లైటు మసకబారే తేడా దానికంటే చాలా పెద్దది కాబట్టి, ఇక్కడ ఎక్కువ వాదన అవసరం లేదు.

16 సి.పి. బల్బులు దాదాపుగా కార్బన్ ఫిలమెంటువే అయి ఉండాలి, ఆ కాలపు ప్రామాణిక పరిమాణం అదే. వాటికి క్యాండిల్‌కు మూడు నుంచి మూడున్నర వాట్లు పట్టేవి. అంటే ఒక బల్బుకు 48 నుంచి 56 వాట్లు. అడ్డంగా 16 క్యాండిళ్లు ఉంటే అన్ని దిక్కుల సగటు దానిలో ఐదింట నాలుగు వంతులు. సుమారు 13ను 12.57తో గుణిస్తే 163 ల్యూమెన్లు. ఈనాటి 9 వాట్ల ఎల్ఈడీలో అయిదో వంతు వెలుగు, ఆరింతల కరెంటు.

40 క్యాండిల్ బల్బు దగ్గర మాత్రం జాగ్రత్త. మన పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ వాట్లనే క్యాండిళ్లు అంటారు, జీరో క్యాండిల్ బల్బు అన్న మాట మీరూ వినే ఉంటారు. టంగ్‌స్టన్ బల్బులు వచ్చిన తొలినాళ్లలో క్యాండిల్‌కు ఒకటింపావు వాట్ దాకా పట్టేది కనుక, రెండు సంఖ్యలూ దగ్గర దగ్గరగా ఉండేవి. మీ తాతగారి పద్దులో 40 అంటే 40 వాట్లే అయి ఉండే అవకాశం ఎక్కువ. అలా అయితే సుమారు 400 ల్యూమెన్లు. నిజంగా 40 క్యాండిళ్లే అనుకున్నా 500 దాటదు. చిట్టాలో ధర కూడా ఉంటే, పక్కనున్న 60, 100 పద్దులతో పోల్చి చూడండి. 25, 40, 60, 100 అనే వరస కనిపిస్తే అవి వాట్లే.

ఇక మీకు నిజంగా కావలసింది, భాగవతం వెలుగు. దీనికి ల్యూమెన్లు అక్కర్లేదు, కాండెలాలే చాలు. దీపం నుంచి దూరాన్ని మీటర్లలో తీసుకొని, దాని వర్గంతో కాండెలాలను భాగిస్తే లక్స్ వస్తుంది. 500 హెచ్.కె. లైట్లు రెండు చెరో పక్కన, వేషధారికి 3 మీటర్ల దూరంలో గుంజలకు వేలాడుతున్నాయనుకుందాం. 450ని 9తో భాగిస్తే 50 లక్స్. సగటున 60 శాతమే వెలుగు అనుకుంటే 30 లక్స్. ముఖం ఏ లైటు వైపు తిరిగితే ఆ చెంప మీద 30 నుంచి 50 లక్స్ పడుతుంది. అర్దలం రాసిన ముఖం మీద, అద్దాల భుజకీర్తుల మీద ఆ వెలుగు చాలా బాగా కనిపిస్తుంది. 10 మీటర్ల దూరంలో చాపల మీద కూర్చున్నవాళ్ల దగ్గర ఒక్కో లైటు నుంచి 3 నుంచి 4.5 లక్స్. 20 మీటర్ల దూరంలో కూడా ఒక లక్స్‌కు కాస్త అటూ ఇటూ. నిండు పున్నమి వెన్నెల పావు లక్స్, మహా అయితే 0.3. అంటే చివరి వరుసలో ఉన్నవాళ్ల మీద కూడా రెండు లైట్లూ కలిసి పున్నమికి అనేక రెట్ల వెలుగు ఇచ్చాయి.

దీన్ని ఆముదం దీపంతో పోల్చండి. ఒక్క వత్తి ప్రమిద ఒక కాండెలా ఇచ్చిందనుకున్నా, 3 మీటర్ల దూరంలో అది 0.11 లక్స్, వెన్నెలలో సగం. దివిటీ 10 కాండెలాలు ఇస్తుందనుకుంటే, దాన్ని మీటరు దూరంలో పట్టుకుంటే 10 లక్స్, 3 మీటర్ల దూరంలో 1.1 లక్స్. గ్యాస్ లైట్లు రాకముందు దివిటీ పట్టేవాడు వేషధారి పక్కనే ఎందుకు నడిచేవాడో ఈ సంఖ్యలే చెబుతాయి. మీ వ్యాసంలో మీరు బలంగా చెప్పగలిగేది ఇదేనని నాకు తోస్తోంది. దీపం బలహీనంగా ఉన్నంతకాలం మనిషిని దగ్గరగా వెలిగించాలి. గ్యాస్ లైటు వచ్చాక మొత్తం స్థలాన్ని వెలిగించవచ్చు. ఆటగాడి కదలికకు, ప్రేక్షకుల దూరానికి అది ఇచ్చిన స్వేచ్ఛ గురించి పాత కళాకారులను అడిగి రాయండి.

లైట్లలో ఒకటైనా ఇంట్లో మిగిలి ఉంటే కొలిచి చూడవచ్చు. అయితే ముందు ట్యాంకును తెలిసిన మెకానిక్‌కు చూపించండి. తుప్పు పట్టిన ట్యాంకులో పంపు కొట్టడం ప్రమాదం. పాత మాంటిల్ బూడిదను ఊదవద్దు, పీల్చవద్దు, థోరియానికి కొద్దిపాటి రేడియోధార్మికత ఉంది.

కొలవడానికి తెల్లకాగితం మధ్యలో ఒక్క చుక్క కొబ్బరినూనె వేయండి. కాగితానికి ఒక పక్క కొవ్వొత్తి, మరో పక్క గ్యాస్ లైటు. ఒక పక్క వెలుగు ఎక్కువైతే చుక్క నల్లగానో తెల్లగానో కనిపిస్తుంది, రెండు పక్కలా సమానమైతే చుక్క దాదాపు మాయమవుతుంది. కొవ్వొత్తి 20 సెంటీమీటర్లు, లైటు 4 మీటర్లు ఉన్నప్పుడు మాయమైందంటే, దూరాల నిష్పత్తి 20, దాని వర్గం 400. లైటు 400 కొవ్వొత్తులకు సమానం. ఆ 20 సెంటీమీటర్లలో ఒక సెంటీమీటరు తప్పితే జవాబులో 10 శాతం తప్పుతుంది కాబట్టి, దగ్గరి దూరాన్ని మంట మధ్య నుంచి స్కేలుతో జాగ్రత్తగా కొలవండి. సున్నం కొట్టిన గది పనికిరాదు, గోడలు వెలుగును వెనక్కి తిప్పి లెక్క చెడగొడతాయి. అమావాస్య రాత్రి గాలి లేని పెరడు మేలు. కొవ్వొత్తి పసుపుగా, మాంటిల్ తెల్లగా ఉండడం వల్ల చుక్క పూర్తిగా పోదు. లైటును ముందుకు జరుపుతూ ఒకసారి, వెనక్కి జరుపుతూ ఒకసారి చూసి సగటు తీసుకోండి. ఇంట్లో మరో ఇద్దరి చేత కూడా చూపించండి.

కొవ్వొత్తిని కంసాలి త్రాసులో వెలిగించే ముందు ఒకసారి, గంటసేపు కాలాక ఒకసారి తూచండి. 7 నుంచి 8 గ్రాములు తగ్గితే అది దాదాపు ఒక కాండెలా అనుకోవచ్చు. గ్రాములు బాగా తేడాగా ఉంటే ఆ నిష్పత్తిలో సవరించుకోండి. ఇంగ్లండులో గ్యాస్ పరీక్షకులు చేసిందీ ఇదే. ఫోనులోని లక్స్ యాప్‌ను పోలికకు వాడండి, దాని సంఖ్యను నేరుగా నమ్మవద్దు.

మీ పాత పుస్తకంలో ఫుట్ క్యాండిల్ అని ఎక్కడైనా ఉంటే 10.76తో గుణించి లక్స్ చేయండి. లాంబర్ట్, స్టిల్బ్ వంటివి ఉపరితలపు మెరుపును కొలిచేవి, దీపాల పద్దులతో వాటిని కలపవద్దు.

వ్యాసంలో మాత్రం చిట్టాలోని మూల సంఖ్యను ఉన్నది ఉన్నట్టు ముందు వేయండి. ఉదాహరణకు: "500 హెచ్.కె. లైట్లు 2, ఒక్కొక్కటి కొత్త మాంటిల్‌తో అడ్డంగా సుమారు 450 కాండెలాలు, వాడుకలో 250 నుంచి 450 మధ్య." తరువాత ఎవరికైనా మెరుగైన సమాచారం దొరికితే మూలం నుంచి మళ్లీ లెక్క వేసుకోగలుగుతారు. మార్చిన సంఖ్య ఒక్కటే వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. లైటు ట్యాంకు మీద ఉన్న పేరు పలకను, దాని మీది అక్షరాలను వెలుతురులో స్పష్టంగా ఫోటో తీసి పెట్టండి. హెచ్.కె., సి.పి. రెండూ ఒకే పలక మీద ఉంటే ఆ 300 సి.పి. లైట్ల సందేహం కూడా అక్కడే తీరిపోవచ్చు.